కిగాలీ గంట

మా ఎంటెబ్బె నుంచి పక్క దేశంలోని కిగాలీకి విమానంలో గంట ప్రయాణం. పోవడానికైనా, రావడానికైనా అంతే. మా ఆయన సెంపిరా అక్కడి హోటళ్లలో ఫ్రీజర్లు బాగుచెయ్యడానికి నెలనెలా వెళ్తాడు.

ఉతకబోతూ చొక్కా జేబు తడిమితే పోయిన వారం టికెట్టు దొరికింది. వెళ్లేటప్పుడు ఎనిమిదికి ఎక్కి ఎనిమిదికే దిగాడట! వచ్చేటప్పుడు నాలుగుకి ఎక్కి ఆరుకి దిగాడట. నా ఒళ్లు భగ్గుమంది. అటు పోవడానికి రెక్కలొచ్చాయి, ఇటు రావడానికి కాళ్లు రాలేదు. ఎక్కువైన ఆ గంట ఎవతి కోసం?

మాలో మొగుడూపెళ్లాల తగువు మేనత్తే తీర్చాలి. టికెట్టు పట్టుకుని మా నంతేజత్త దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు.

"బస్సయితే దార్లో ఆపించుకుంటాడు. విమానం ఎవత్తె గుమ్మం ముందు ఆగుతుందే?" అంది అత్త.

"అదే కదా అత్తా నేనూ అడుగుతోంది!"

"ఏడవకు, నజ్జూకా. ఈ రాత్రి భోజనానికొచ్చి కక్కిస్తా."

మా ఇంట్లో భోజనం ఏడింటికి. అరిటాకు పొట్లాల్లో కోడికూర ఆవిరి పట్టించి కూర్చున్నాం. ఆయన ఎప్పటిలాగే ఎనిమిది దాటాక వచ్చాడు. ఇదేమిటని ఎప్పుడడిగినా వాచీ చూసుకుని, "వేళకే వచ్చానుగా" అంటాడు. ఆ పొగరు నాకు అలవాటే.

అత్త ఆయన్ని రెండు ముద్దలు తిననిచ్చి టికెట్టు ముందు పెట్టింది. "ఈ గంట ఎక్కడ గడిపావు నాయనా?"

ఆయన పొలమారేదాకా నవ్వాడు. "అత్తగారూ, అక్కడి గడియారం మనకంటే గంట వెనక. ఇక్కడ ఎనిమిదైతే అక్కడ ఏడే. గంట ఎగిరి దిగినా అక్కడ ఎనిమిదే. తిరిగొచ్చేటప్పుడు ఆ గంట మళ్లీ వచ్చి కలుస్తుంది."

అత్త నా వైపు తిరిగింది. "ఛీ, నీ అనుమానం పాడుగానూ! గడియారాన్ని సవతిని చేసుకున్నావు కదే!"

సిగ్గుపడ్డాను, నవ్వాను. గుండెల మీద రాయి దిగిపోయింది. కోపంతో ఇందాక నిలబడే వడ్డించాను. ఇప్పుడు మా ఆచారం ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని ఆయనకింకాస్త కూర వెయ్యబోయాను.

ఆయన ఎడమ చెయ్యి సరిగ్గా నా కళ్ల ముందుంది. వాచీలో ఏడుంపావు. గోడ మీద ఎనిమిదుంపావు.

ఆయన వచ్చి వారమైంది.

"వాచీ తిప్పుకోలేదేం?" అన్నాను.

"మళ్లీ వెళ్లాలిగా. ఊరికే తిప్పడమెందుకు?"

"ఎప్పట్నుంచి?"

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. రోజూ ఆలస్యంగా వచ్చి ఏమనేవాడో గుర్తొచ్చింది. ఆయన వేళకే వస్తున్నాడు, అక్కడి వేళకి. నా పక్కన పడుకున్నప్పుడు కూడా అక్కడి వేళే.

"ఇలా ఇవ్వండి, నేను తిప్పుతా," అని మణికట్టు పట్టుకున్నాను.

ఆయన కూర అంటిన చేత్తోనే వాచీని గబుక్కున మూశాడు. "వద్దులే, నజ్జూకా," అన్నాడు మెల్లగా.

ఆయన నాతో అంత మెత్తగా మాట్లాడి ఎన్నేళ్లయిందో. అత్త ఈసారి నన్ను తిట్టలేదు.