తొమ్మిదో గడిలో ఐదో దెబ్బ

వెర్లీన్ పియానో వాయిస్తుంటే, మేనకోడలు జనెల్ లాప్‌టాప్ తెర మీద స్వరాలు వాటంతటవే గీతలెక్కి, తాళం గడుల్లో సర్దుకుని కూర్చుంటున్నాయి. షికాగో వెస్ట్‌సైడ్‌లో వాళ్ల చర్చి జనం నలభై ఏళ్లుగా కాగితం లేకుండా పాడుకునే కీర్తన అది. కట్టింది వెర్లీనే. ఇన్నాళ్లకి కీర్తనల పుస్తకంలో ఆమె పేరుతో అచ్చవబోతోంది. సంతోషం కాదూ మరి!

తొమ్మిదో గడి దాటగానే స్వరాలన్నీ పక్కకి జరిగిపోయాయి.

"అత్తా, గడికి నాలుగే దెబ్బలు. ఇక్కడ ఐదు కొట్టావు."

"ఐదే కొడతాను. అక్కడ జనం లేచి నిలబడాలే పిల్లా!"

"ఇది ఒప్పుకోవట్లేదు."

"దాని మొహం! దానికి మోకాళ్లున్నాయా ఏంటి?"

పుస్తకం వేసే ప్రెస్కాట్‌కి ఫోన్ చేశారు. ఆయనా అదే పాట.

"ఊరూరా పాడాలి కదా సిస్టర్. నాలుగు చేసెయ్యండి. లేదంటే ఈసారికి వదిలేద్దాం."

"కూర్చునున్నారా బ్రదర్? ఓసారి లేవండి. నేను లెక్కపెడతా."

కుర్చీ కిర్రుమంది. నాలుగు దగ్గర "అబ్బా" అని మూలుగు వినబడింది.

"ఎన్నో దెబ్బకి లేచారు?"

"ఐదోదానికి," అని నవ్వాడాయన. "అయినా పుస్తకానికో పద్ధతుంటుంది సిస్టర్."

వెర్లీన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. డెబ్బై ఒక్కేళ్లు. మళ్లీ పుస్తకం వేసేనాటికి తనుంటుందో లేదో. ఆ పేరు అచ్చులో చూసుకోవాలని ఎంత ఉందో ఆమెకే తెలుసు.

"అయితే నా కీర్తన తీసెయ్యండి. మీ పుస్తకం కోసం నా జనాన్ని సగం లేపి కూలెయ్యను," అని ఫోన్ పెట్టేసింది.

"అత్తా! నీ పేరు..."

"పోతే పోయింది. ఆ గడికి ఐదు పెట్టు."

జనెల్ ఆ ఒక్క గడికీ ఐదు పెట్టింది. జరిగిన స్వరాలన్నీ బుద్ధిగా వెనక్కొచ్చాయి. చర్చి ఆఫీసులోనే అరవై కాపీలు తీశారు.

ఆదివారం అందరి చేతుల్లో కాగితాలు. తొమ్మిదో గడి వచ్చింది. ఐదో దెబ్బకి సంఘమంతా లేచింది, రెండో బల్ల మీద తొంభై దాటిన యూలలీ అమ్మగారు తప్ప. ముందు బల్ల పట్టుకుని, సగం లేచి, ఆగిపోయిందావిడ.

వెర్లీన్ ఆరో దెబ్బ కొట్టింది.

"అత్తా, ఐదే కదా రాశాం!" అని క్వయర్‌లోంచి జనెల్ పళ్లు నూరింది.

"కాగితం తర్వాత చూద్దువుగానీ," అంది వెర్లీన్, ఏడోది కొడుతూ. "ముందు ఆవిణ్ణి లేవనీ."