శుక్రవారం రొట్టెలు

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి బల్కియా తల్లి ఇంటికి వెళ్ళేసరికి ముందుగది గోడ మీద తివాచీ లేదు. అది ముప్పై ఏళ్ళు వేలాడిన చోట తెల్లరంగు వేశారు. పెట్టె మీద పేర్చి ఉండే బొంతలు లేవు, పెట్టే లేదు. అమ్మానాన్నల ఫొటోలు తీసేశారు. మేకులు పీకి, రంధ్రాలు పూడ్చారు. బల్ల మీద గాజుగిన్నెలో నిమ్మకాయలున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది. ప్లాస్టిక్‌ది.

వంటింట్లో ఒక అమ్మాయి ఇల్లు కమ్మగా వాసన రావాలని వెనిల్లా పొడి కలిపిన నీళ్ళగిన్నె ఓవెన్‌లో పెడుతోంది. ఆమె పక్కన బల్కియా తమ్ముడు ముఖిత్ ఉన్నాడు. అతనుండేది రాజధాని అస్తానాలో. ఈ ఊరికి, తరాజ్‌కి, మంగళవారమే వచ్చాడట. అక్కకి ఫోన్ చెయ్యలేదు.

"అక్కా, ఈమె ఇంకార్. ఏజెంటు. ఇల్లు చూపించడానికి తయారు చేస్తోంది."

"ఎవరికి?"

"కొనేవాళ్ళకి. పదకొండింటికి వస్తున్నారు."

వాళ్ళ తల్లి ఒరిన్‌షా నిరుడు నవంబరులో ఈ ఇంట్లోనే పోయింది. నలభయ్యో రోజున బంధువులందరి ముందు ముఖిత్ ఒక మాట అన్నాడు: అమ్మ పోయి ఏడాదైన రోజు విందు ఈ వాకిట్లోనే పెడతాం, అప్పటిదాకా ఇంట్లో చెంచా కూడా కదపం. ఇప్పుడు జూలై. బల్కియాకి యాభై రెండేళ్ళు, రైల్వే టికెట్ల కిటికీలో పని. ఈ ఎనిమిది నెలలూ శుక్రవారం డ్యూటీ మార్చుకుని, తాళం తీసి, ఏడు షెల్పెక్ రొట్టెలు నూనెలో వేయించి, వీధిలో ఏడిళ్ళకి పంచింది. వాసన చనిపోయినవాళ్ళకి, రొట్టె బతికున్నవాళ్ళకి. ఒక్క వారం కూడా తప్పలేదు.

"విందు నవంబరులో కదా. మరి నీ మాటేమయింది?" అంది.

"స్కూళ్ళు తెరిచేలోగా అస్తానాలో ఫ్లాటు తీసుకోవాలక్కా. నవంబరులో ఇళ్ళెవడు కొంటాడు? బురద తప్ప ఏం కనిపిస్తుంది?"

"అమ్మ పెట్టె ఏది?"

"షెడ్డులో పెట్టాం ఆంటీ, జాగ్రత్తగానే పెట్టాం" అంది ఇంకార్. "కొనేవాళ్ళకి ఇక్కడ ఎవరో బతికినట్టు కనిపించకూడదు. తామే బతకబోతున్నట్టు అనిపించాలి."

"నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యానమ్మా? నీ పెళ్ళికి వచ్చానా?"

బల్కియా సంచిలోంచి పిండి తీసి గిన్నెలో పోసింది. ఇంకార్ ముఖిత్ వంక చూసింది.

"ఇవాళ ఒక్కరోజు మానెయ్ అక్కా. నూనె వాసన వస్తే ధర పడిపోతుందంటోంది."

"అమ్మకి చెప్పు. నేను వింటాను."

"పోనీ మీ ఇంట్లో వేయించుకో."

"అమ్మ మా ఇంట్లో పోయిందా?"

ఇంకార్ గొంతు తగ్గించింది. "అసలు విషయం అది కూడా కాదు మేడమ్. మీ అమ్మగారు అస్తానాలో కొడుకు దగ్గర ఉంటున్నారని చెప్పాను వాళ్ళకి. చావు జరిగిన ఇల్లంటే కొంతమంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. శుక్రవారం ఇవి వేగుతుంటే ఇంట్లో ఎవరో పోయారని ఎవరికి తెలియదు చెప్పండి?"

బల్కియా చేతికి అంటిన పిండి గీకేసుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"అమ్మ అస్తానాలో ఉందా? ఎలా ఉందిరా? నీ పెళ్ళాం వేళకి టీ ఇస్తోందా?"

ముఖిత్ వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఆమె పిండి కలిపి, అరగంట ఆగి, పదిన్నరకి మూకుడు పెట్టింది. ఇంకార్ కిటికీలన్నీ తెరిచింది. బల్కియా వెనకాలే వెళ్ళి అన్నీ మూసింది.

పదకొండుకి అయిదు నిమిషాల ముందు షు పట్నం నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆమె పేరు కుల్జిపా. గుమ్మం దాటగానే నూనె వాసనకి ఆగింది.

"ఎవరి కోసం?" అని అడిగింది.

"ఊరికే, టిఫిను..." అన్నాడు ముఖిత్.

"మా అమ్మ కోసం. ఎనిమిది నెలలయింది. ఆ కిటికీ కింద పోయింది" అంది బల్కియా.

ఇంకార్ ఫోన్‌లోకి తలవంచింది. కుల్జిపా చెప్పులు విడిచి వచ్చి కూర్చుంది. ఆమె భర్త ఖురాన్ నుంచి నాలుగు వాక్యాలు చదివాడు. అందరూ దోసిళ్ళతో ముఖం తుడుచుకున్నారు. ముఖిత్ కూడా. రొట్టె తుంచుకుని తిన్నారు. కుల్జిపా కళ్ళు ఒత్తుకుంది. తన తల్లి పోయాక ఇలా చేసి పెట్టిన కూతురు తానొక్కతేననీ, ఇప్పుడు తీరిక లేక మానేశాననీ చెప్పింది. ఈ ఇంట్లో బర్కతు, దేవుడి దీవెన, ఉందంది. బల్కియాకి ఆమె మీద కోపం వచ్చింది ఆ తర్వాతి మాటకి.

"ఎప్పుడు ఖాళీ చేస్తారు? సెప్టెంబరులో మా అమ్మాయి పెళ్ళి" అంది కుల్జిపా.

"నవంబరులో అమ్మ ఏడాది విందు ఉంది. ఈ వాకిట్లో."

"ఇళ్ళల్లో ఎవరు చేస్తున్నారమ్మా ఇప్పుడు? హాలు తీసుకోండి. అంట్లపని కూడా తప్పుతుంది."

ఆమె పొయ్యి చూసింది, కుళాయి తిప్పింది, రెండో గది అడుగులతో కొలిచింది. సాయంత్రంలోగా చెబుతామని వెళ్ళిపోయారు.

గేటు మూసి రాగానే ఇంకార్ బల్కియా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, వెనిల్లా ఎందుకూ పనికిరాదు. ఆవిడ ఏడ్చింది, చూశారా? ఆరేళ్ళ నుంచి ఇళ్ళు చూపిస్తున్నాను, ఎవరూ ఏడవలేదు. రేపు పదకొండింటికి షిమ్‌కెంట్ నుంచి ఇంకొకళ్ళొస్తున్నారు. ఇవే చెయ్యండి. ఇద్దరూ పోటీ పడితే బేరం మన చేతుల్లోకొస్తుంది."

"రేపు శనివారం."

"కుర్రజంట మేడమ్. వారాలు ఎవరు చూస్తారు?"

బల్కియా తమ్ముడి మొహం చూసింది. తోడబుట్టినవాడు ఈ మాటకైనా అడ్డు చెబుతాడనుకుంది.

"ఏడు అక్కర్లేదులే అక్కా, అయిదు చాలు. వాసన వస్తే సరిపోతుంది" అన్నాడు ముఖిత్.

"దేనికి సరిపోతుందిరా?"

"అరవకు. కిటికీలు తెరిచున్నాయి."

"నేనే మూశాను. అమ్మకి పెట్టే తిండితో బేరం చేస్తావా? మధ్యాహ్నం పంచాల్సిన రొట్టె చూపించి గిరాకీ పెంచుతావా? నిమ్మకాయలు ప్లాస్టిక్‌వి దొరికాయి. అమ్మని కూడా ప్లాస్టిక్‌ది కొనుక్కొచ్చి మంచం మీద పడుకోబెట్టు!"

ముఖిత్ మొహం ఎర్రబడింది. "నువ్వు రేపు రావద్దు. వేయించకపోతే మానెయ్. అసలు నీ అవసరం కూడా లేదు. నీ సగం వాటాకి జూన్‌లోనే పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చావు. అమ్మకం మీద నా సంతకమొక్కటి చాలు."

ఆమె రాసిచ్చింది నిజమే. వారసత్వం కాగితాలకి ప్రతిసారీ డ్యూటీ మానుకుని రాలేవు కదా అని ముఖిత్ అంటే, సరేనని చదవకుండా సంతకం పెట్టింది. అమ్మే హక్కు అందులో ఉందని ఇప్పుడే వింది.

బల్కియా మిగిలిన రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వీధిలో పంచి ఇంటికి వెళ్ళింది.

శనివారం నోటరీ ఆఫీసు తొమ్మిదికి తెరిచారు. ఆమె ముందు పద్నాలుగు మంది ఉన్నారు. వంతు వచ్చేసరికి పదకొండుకి పది నిమిషాలు.

"ఇచ్చిన అధికారం రద్దు చేసుకుంటారా? కారణం రాయనక్కర్లేదు" అంది నోటరీ.

"రాయొచ్చా?"

"గడి లేదమ్మా అందులో."

బల్కియా ఈసారి కాగితమంతా చదివింది. రెండుసార్లు. రెండోసారి చదువుతుండగా ముఖిత్ ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావక్కా? వాళ్ళు సందు మొదట్లోకి వచ్చేశారు. నిన్నటి మాటలు మనసులో పెట్టుకోకు. పిండి కలిపావా?"

"లేదు."

"పోనీ నూనైనా కాగబెట్టనా నేను?"

"వాళ్ళకి టీ పోసి పంపించెయ్. నవంబరు దాకా అమ్మేది లేదు."

"నీ కాగితం నా దగ్గరుందని చెప్పాను కదా!"

"ఉంది. ఇక చెల్లదు."

సంతకం పెట్టింది. నోటరీ ముద్ర వేసి, కంప్యూటర్లో ఎక్కించి, కాపీలు ఎన్ని కావాలని అడిగింది. ఫోన్‌లో ముఖిత్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

"రెండు. ఒకటి వాడికి" అంది బల్కియా.