పైన ఇద్దరు, కింద ఒకరు

పరుపుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునే అమ్మాయి కంప్యూటర్ పాఠాలు మొదలుపెట్టి ఇంకా నెల కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన నాలుగు ముక్కలతోనే లోపల ఎందరున్నారో చూపించే ప్రోగ్రాం రాసేసింది. పై అంతస్తు లెక్కనీ కింది అంతస్తు లెక్కనీ కూడి చూపాలి. బాగానే కూడింది కూడా. అంకె ఒక్కటే బోసిగా ఉందని నిన్న సాయంత్రం దాని ముందు ‘లోపల ఉన్నవాళ్లు’ అన్న మాట తగిలించి, మళ్లీ సరిచూడకుండానే ఇంటికెళ్లిపోయింది.

ఇవాళ ఫ్యాక్టరీకి సెలవు. మరమ్మతు పనివాళ్లను పొద్దున కాపలాదారు లోపలికి పంపి, లెక్క ఎక్కించి, ఆమె రాగానే వెళ్లిపోయాడు. కుర్చీలో సర్దుకుందో లేదో, వెనక కిటికీల్లోంచి నల్లటి పొగ లేచింది. ముగ్గురు దగ్గుకుంటూ బయటపడ్డారు. అందులో ఒకడు ఆమె సొంత అన్నయ్య, మెకానిక్.

ఫైరింజన్ వచ్చింది. అందులో వచ్చినవాళ్ల పెద్దాయన లోపల ఎందరని అడిగితే, తెర మీద 21 చూసి ఇరవై ఒక్కరంది. అంటే ఇంకా పద్దెనిమిది మంది అన్నాడాయన. నలుగురు ముసుగులు తగిలించుకుని పొగలోకి దూరారు.

ఆమె చెవులు రిక్కించింది. అంతమంది ఉంటే లోపలినుంచి ఒక్క కేకైనా వినపడదేం?

"పద్దెనిమిది మందేంటే?" అన్నాడు అన్నయ్య, వగరుస్తూనే. "పైన మేమిద్దరం, కింద ఎలక్ట్రీషియన్ బాబాయి. అంతే కదా."

పైన రెండు. కింద ఒకటి. రెండు పక్కన ఒకటి. ఇరవై ఒకటి. ముందు మాట ఉంటే వెనకొచ్చే అంకెల్ని కూడా కంప్యూటర్ మాటలుగానే తీసుకుంటుందనీ, కూడకుండా పక్కపక్కనే అతికిస్తుందనీ పాఠంలో విన్నదే. విని తలూపిందే.

చెబితే ఉద్యోగం ఊడుతుంది. అంతలో లోపల ఏదో కూలిన చప్పుడైంది. పరుగెత్తి పెద్దాయన చెయ్యి పట్టుకుంది.

"లోపల ఎవరూ లేరండి. లెక్క తప్పింది, నా తప్పే. మీవాళ్లను పిలిచేయండి."

ఆయన తిట్టలేదు. వైర్‌లెస్‌లో గట్టిగా పిలిచాడు. ఇద్దరొచ్చారు. మూడోవాడొచ్చాడు. నాలుగోవాడి కోసం చూసినంతసేపూ ఆమె పెద్దాయన చెయ్యి వదల్లేదు. చివరికి కాలిన చేతిని కడుపుకి అదుముకుని అతనూ వచ్చాడు.

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "చెప్పమ్మా. లోపల ఇంకెవరూ లేరు, అంతేనా?"

లేరని తెలుసు. అయినా వెళ్లి అన్నయ్య భుజం తాకింది, అతని తోటివాడి భుజం తాకింది, ఎలక్ట్రీషియన్ బాబాయి చెయ్యి పట్టుకుంది. మళ్లీ అన్నయ్య దగ్గరకొచ్చి మొదటినుంచి లెక్కపెట్టసాగింది.