పెనుకొండ మీద బిస్కెట్ డబ్బా

1960లో హిందూపురంలో ఒక రేడియో సంఘం ఉండేది. చుక్కలూ గీతలతో సందేశాలు పంపే మోర్సు పరీక్ష పాసై, లైసెన్సు తెచ్చుకున్నది అందులో నీలావతి ఒక్కతే. ధర్మవరం ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. అధ్యక్షుడు అంజనప్పకు మాత్రం చుక్కకూ గీతకూ తేడా తెలియదు. సంఘానికి గది ఇచ్చి అధ్యక్షుడయ్యాడు. ఆ రోజు నుంచి ఒంటి మీద కోటు విప్పలేదు.

కొత్త తాసిల్దారుకు రేడియో గొప్పతనం చూపిస్తానని ఒక ఆదివారం ఉదయం పెనుకొండ కొండ మీదికి అందరినీ పిలిచాడు. మిలిటరీవాళ్లు వదిలించుకున్న పెద్ద సెట్టును కూలీలు రొప్పుతూ మోసుకొచ్చారు. నీలావతి భుజాన గుడ్డసంచి మాత్రమే ఉంది. అందులో బిస్కెట్ డబ్బాలో తానే బిగించుకున్న సెట్టు, మోర్సు కొట్టే కీ, హెడ్‌ఫోన్లు, బ్యాటరీలు, తీగచుట్ట.

"ఏమ్మా, డబ్బాలో బిస్కెట్లన్నా ఉండాయా?" అన్నాడు అంజనప్ప. "టార్చిలైటంత కరెంటుతో నీ మాట బుక్కపట్నం చెరువు దాటుతాదా?"

అందరూ నవ్వారు. నీలావతి తీగ వెయ్యడానికి చెట్టు వెతుక్కుంది.

పెద్ద సెట్టు బుర్రుమంది, కాలిన వాసన కొట్టింది, ఊరుకుంది. "కొండ మీద గాలెక్కువ సార్" అన్నాడు అంజనప్ప.

నీలావతి పురికొసకు రాయి కట్టి చింతకొమ్మ మీదుగా విసిరింది. దాంతో తీగను పైకి లాగి, రెండో కొసను సెట్టుకు తగిలించింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కీ కొట్టింది. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత సన్నగా, స్పష్టంగా జవాబొచ్చింది.

"కొలంబో!" అంది.

"లెయ్యమ్మా, పెద్దోళ్లు కూచోవాల" అంటూ అంజనప్ప ఆమె తల మీది హెడ్‌ఫోన్లు లాక్కుని తను తగిలించుకున్నాడు. కీని తబలాలా వాయించాడు. "హిందూపురాన్ని మెచ్చుకుంటాండారు సార్!"

"అన్నా, లైసెన్సు నాది. కీ వదులు."

"ఆడోళ్లు నడమ మాట్లాడితే సిగ్నల్ పోతాదమ్మా."

నీలావతికి ముందు కోపం వచ్చింది. జనం వైపు తిరిగి వెలిగిపోతున్న ఆ మొహం చూశాక అసహ్యం వేసింది. వెనకనుంచి తీగ ఊడదీసి, కొమ్మ మీదనుంచి దించి, మోచేతికి చుట్టుకోసాగింది. తీగ లేని సెట్టు మూగది, చెవిటిది.

అంజనప్ప వాయిస్తూనే ఉన్నాడు. తాసిల్దారు ఆ తీగచుట్టను చూశాడు. అయినా అడిగాడు: "ఇప్పుడేమంటున్నారు?"

"మీ పరిపాలన బాగుండాదంట సార్."

"చాలా సంతోషం" అన్నాడు తాసిల్దారు.

నీలావతి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "హెడ్‌ఫోన్లు ఇయ్యన్నా. ఇంతసేపూ కీ మీద కోతి కూచుండాదని కొలంబోకు చెప్పుకుంటాలే."

ఎవరూ నవ్వలేదు. ఆమె సామాను సర్దుకుని కొండ దిగిపోయింది.

అంజనప్పకు తాసిల్దారు శాలువా కప్పాడు. పత్రికలో ఫోటో కూడా పడింది. నీలావతి సంఘం మానుకుంది.

ఆ తర్వాతి ఆదివారం తోటి టీచరమ్మ సుంకమ్మతో మళ్లీ కొండెక్కింది. సుంకమ్మ బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పేలోగా కొలంబో దొరికింది. మీ వైపు వానలు పడ్డాయా అని అవతలి మనిషి అడిగాడు. ఇంకా పడలేదని కొట్టింది నీలావతి.