మాటకు మాట చెప్పే క్వారీ

మా జిల్లా గురించి సర్కారువారు అచ్చువేసిన పుస్తకంలో మా ఊరికి దక్కింది మూడే ముక్కలు. జనాభా: పలుచన. ఆర్థిక వ్యవస్థ: ఒకప్పుడు రాయి, ఇప్పుడు చెప్పుకోదగ్గది లేదు. చూడదగిన వింత: అన్నమాట అన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పే అరుదైన ప్రతిధ్వని.

మొదటి రెండూ అబద్ధాలు. మూడోది మా పెదనాన్న.

ఎలాగో చెబుతాను. ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం బస్సు దిగాడు. బస్సులో ఆయనా, బుట్టలో ఒక కోడీ తప్ప ఇంకెవరూ లేరు. ఊళ్లో ఏ తలుపు చూసినా తాళమే. జనం లేరని రాసుకున్నాడు. ఆ వేళకు మేమంతా పక్క పట్నంలో, బొత్తాల ఫ్యాక్టరీలో, చొక్కా గుండీలకు బెజ్జాలు పెడుతున్నాం. పొద్దున బస్సులో ఒకరి కాళ్ల మీద ఒకరం నిలబడి వెళతాం. సాయంత్రం బస్సులో ఒకరి భుజం మీద ఒకరం నిద్రపోతూ వస్తాం. ఫ్యాక్టరీ పక్క జిల్లాలో ఉంది కాబట్టి మా చెమట పక్క జిల్లా లెక్కలోకి పోయింది. మాకు మిగిలింది నడుంనొప్పి. దానికి పుస్తకంలో శీర్షిక లేదు.

తాళాలు చూసి విసిగిపోయిన ఆ పెద్దమనిషి ఊరి చివర, మూతబడ్డ రాతి క్వారీ దాకా నడిచాడు. అదొక పెద్ద గొయ్యి. ఈ గట్టు మీంచి చూస్తే ఆ గట్టు మీది మనిషి అగ్గిపుల్లలా కనిపిస్తాడు. అంచున నిలబడి ఆయన, "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు.

అవతలి గట్టున బండ చాటున మా పెదనాన్న కునుకు తీస్తున్నాడు. క్వారీ నడిచిన రోజుల్లో ఆయన పని ఒక్కటే. రాయి పేల్చే ముందు ఇవతల వత్తి ముట్టించేవాడు ఏం అరిస్తే అవతల నుంచి ఆయన అదే మాట తిరిగి అరవాలి. మాట తిరిగొస్తే విన్నారని అర్థం, రాకపోతే వత్తి ముట్టించరు. ఎన్నో ప్రాణాలు ఆయన గొంతు మీద నడిచాయి. క్వారీ మూసేశారు గాని, ఆయన నోరు మూయమని ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేదు. కళ్లు తెరవకుండానే, "ఎవరైనా ఉన్నారా?" అని తిరిగి అరిచాడు.

పెద్దమనిషికి ఒళ్లు పులకరించింది. "నాకు ఆకలేస్తోంది!" అన్నాడు.

"నాకు ఆకలేస్తోంది!" అంది గట్టు.

పెదనాన్న ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మా పెద్దమ్మ నోటికి ఊరంతా జడుస్తుంది.

"ఆకలేస్తోందన్నాడా? నువ్వేమన్నావు మరి?"

"నేనూ అదే అన్నా. నాకు ఆకలేస్తోందని."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆకలన్నవాడికి ఇంత ముద్ద పెడతారు గాని, వాడి ఆకలి వాడికే తిప్పి పంపిస్తారా ఎక్కడన్నా?"

పుస్తకం వచ్చింది. ప్రతిధ్వనికి సగం పేజీ. 'చివరలో దగ్గును పోలిన చిన్న శబ్దం వినిపించడం దీని విశిష్టత' అని కూడా రాశాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జనానికి లోకంలో కొదవా? సెలవు రోజొస్తే చాలు, పట్నం నుంచి మా ఊరి బస్సు నిండిపోవడం మొదలైంది.

ఆ బస్సు నడిపేది మా వదిన. మా అన్న పెళ్లాం. ఆ దారిలో పదేళ్లుగా ఆమే డ్రైవరు. గేరు మారేటప్పుడు బస్సు మూలిగితే, "ఊరుకోవే, నాకూ మోకాళ్లు నొప్పులే," అని దాన్ని ఓదారుస్తుంది. పుస్తకం వచ్చిన వారంలోనే డిపోలో ఒక మాట ఆమె చెవిన పడింది. జనాభా లేదు, వ్యాపారం లేదు, మధ్యాహ్నం బస్సులో కోడి తప్ప మనిషి లేడు, ఆ రూటు ఎందుకు, ఎత్తేద్దాం అనుకుంటున్నారట. రూటు పోతే వదినకు డిపోలో బస్సులు కడిగే పని ఇస్తారట. మాకు ఆ పనీ ఇవ్వరు. ఫ్యాక్టరీకి నడిచి వెళ్లాలంటే ఇవాళ బయల్దేరి రేపటి షిఫ్టుకు చేరాలి.

అర్జీలు పెట్టాం. వేలిముద్రలు, సంతకాలు, అన్నీ పెట్టాం. జవాబు లేదు. గోడకు చెప్పుకున్నా బాగుండేది, గోడ కనీసం మన మాట మనకైనా తిప్పి చెబుతుంది. అందుకే, బస్సు నిండితే రూటు నిలుస్తుందని, పెదనాన్నను అవతలి గట్టున కూర్చోబెట్టసాగాం. అబద్ధం కదా, మానేద్దాం అని ఎవరో సణిగితే నేనే నోరు మూయించాను. "పుస్తకం మన మీద రెండు అబద్ధాలు చెప్పింది. మనం దాని మీద ఒకటి చెబుతున్నాం. ఇంకా ఒకటి బాకీ ఉంది," అన్నాను.

ఇక పెదనాన్న వైభవం చూడాలి. ఉదయమే ఉప్పునీళ్లు పుక్కిలించడం, రెండు గుడ్లు మింగడం, మెడకు గుడ్డ చుట్టుకోవడం. చల్లనీళ్లు ముట్టడు. ఇంట్లో మాట్లాడడు, గొంతు అరుగుతుందట. ఏదన్నా కావాలంటే వేలు చూపిస్తాడు.

"ఆ వేలు విరుస్తా ఒకరోజు," అనేది పెద్దమ్మ.

ఆమె కోపానికి అసలు కారణం వేరే ఉంది. ఎవరో కుర్రాడు గట్టు మీద తన పిల్ల చెయ్యి పట్టుకుని, "నువ్వంటే నాకు ప్రాణం!" అని అరిచాడు. డ్యూటీ కదా, పెదనాన్న కూడా గుండెలవిసేలా అరిచాడు. ఊరంతా వినబడింది. పెద్దమ్మ పెరట్లో బట్టలారేస్తోంది.

"కాపురానికొచ్చినప్పటి నుంచి నాతో ఒక్కసారన్నా అన్నాడా ఆ మాట? ఊరి మీద పోయేవాళ్లకు మాత్రం గొంతు చించుకుని చెబుతాడు!" అని నా దగ్గర ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే ఆయనకు గుడ్లు ఉడకేసింది.

అప్పుడొచ్చింది కబురు. రవాణా శాఖ ఆఫీసరమ్మ స్వయంగా వస్తోంది. ప్రతిధ్వనిని చూసి, రూటు ఉంచాలా తీసెయ్యాలా అక్కడికక్కడే తేలుస్తుందట. సెలవు రోజునే. ఇదీ బాగానే ఉంది అనుకున్నాం. ముందు రోజు ఒక బడివాళ్లు పిల్లలందరినీ తీసుకొచ్చారు. ఒక్కొక్కరూ ఎక్కాలు అరిచారు. పన్నెండో ఎక్కం దగ్గర పెదనాన్న గొంతు పోయింది. మర్నాడు పొద్దున నోరు తెరిస్తే తలుపు బందు కిర్రుమన్నట్టు శబ్దం వచ్చింది, అంతే.

వదిన బస్సు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "నేను ఆవిణ్ణి తీసుకురావడానికి వెళ్లాలి. ఇక్కడ ఏం చేస్తారో చెయ్యండి. కడిగే బకెట్టు మాత్రం నా చేతికివ్వకండి," అంది. ఎప్పుడూ జోకులేసే మనిషి. నవ్వకుండా బస్సెక్కింది.

"నేను అరుస్తా," అంది పెద్దమ్మ.

అందరం ఆమె వైపు చూశాం. పెదనాన్న వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు.

"అన్నమాట అన్నట్టే చెప్పాలి పెద్దమ్మా," అన్నాను. "నీ జవాబు చెప్పకూడదు."

"నాకు తెలీదా? ఇంత చిన్న పని! ఈ మనిషి చెయ్యగా లేంది నేను చెయ్యలేనా?"

అవతలి గట్టుకు చేరాం. చేరాం అంటే నేనూ పెద్దమ్మా కాదు. బొత్తాల ఫ్యాక్టరీ మొత్తం, వాళ్ల మొగుళ్లు, అత్తలు, పాత క్వారీ పనివాళ్లు, ఊరు ఊరంతా బండల చాటున బోర్లా పడుకుంది. తమ బస్సు ఉంటుందో ఊడుతుందో తేలుతుంటే ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకుంటారా ఎవరైనా?

ఇవతలి గట్టు మీద బస్సు ఆగింది. ఆఫీసరమ్మ దిగింది. చేతిలో ఆ పుస్తకం. వెనకే వదిన, శిక్ష వినడానికి వచ్చినట్టు.

"హలో!" అంది ఆఫీసరమ్మ.

"హలో!" అంది పెద్దమ్మ. పెదనాన్న పక్కనే మోకాళ్ల మీద కూర్చుని తల ఊపాడు. బాగుంది.

"ఎంత ప్రశాంతంగా ఉందో!"

"ఎంత ప్రశాంతంగా ఉందో!" నా పక్కన పడుకున్న పిల్ల గుప్పిట నోట్లో కుక్కుకుంది. నవ్వు ఒకరి నుంచి ఒకరికి చీమల బారులా పాకడం మొదలైంది.

"నేను పొద్దుటి నుంచి టీ కూడా తాగలేదు!"

పెద్దమ్మ పెదాలు అదిరాయి. 'అయ్యో తల్లీ' అనే మాట గొంతుదాకా వచ్చి ఆగడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఎలాగో మింగి, "నేను పొద్దుటి నుంచి టీ కూడా తాగలేదు!" అంది. పెదనాన్న ఆమె వీపు తట్టాడు.

ఆఫీసరమ్మకు హుషారొచ్చింది. గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచింది: "గ్రామీణ ప్రాంత రవాణా సౌకర్యాల హేతుబద్ధీకరణ పునఃసమీక్షా సంఘం తరఫున మీకందరికీ నా హృదయపూర్వక అభినందనలు!"

పెద్దమ్మ నోరు తెరిచింది.

"గ్రామీణ..." అంది పెద్దమ్మ. ఆగింది. నా వైపు చూసింది. నాకూ రాలేదు. పెదనాన్న చేతులతో ఏదో సైగ చేశాడు, అది ఏనుగులా కనిపించింది. చివరికి పెద్దమ్మ లేచి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, ఆమెకు పుట్టుకతో వచ్చిన గొంతుతో అరిచింది:

"అమ్మా! కాస్త ముక్కలు చేసి చెప్పు!"

అయిపోయింది. మొదట ఎవరు నవ్వారో తెలియదు. బండల వెనక నుంచి నవ్వు పేలింది, క్వారీలో రాయి పేలినట్టే. పొట్టలు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, మనిషి వెనక మనిషి, ఊరంతా లేచి నిలబడ్డాం. బస్సు దగ్గర వదిన మొహం చేతుల్లో దాచుకుంది. ఆ భుజాలు కదులుతున్నది ఏడుపుకో నవ్వుకో ఇక్కడికి తెలియలేదు.

"ఎవరు మీరంతా?" అని అరిచింది ఆఫీసరమ్మ. గొంతులో కోపం ఉంది.

ఇక దాచేదేముంది? నేను ముందుకెళ్లాను. "ప్రయాణికులం!" అన్నాను.

"ఈ ఊళ్లో జనం లేరని రాసుంది!"

"రాసినాయన మధ్యాహ్నం వచ్చాడు! మధ్యాహ్నం మేం మీరు వేసుకున్న చొక్కాకు గుండీలు చేస్తుంటాం! పొద్దున బస్సెక్కి చూడండి, కాలు పెట్టే చోటుంటే నా పేరు మార్చుకుంటా!"

"మరి ఈ నాటకం ఎందుకు?"

"అర్జీలు పెడితే మీరు వినలేదు! అరిస్తే పుస్తకంలో రాశారు!"

ఆమె పుస్తకం తెరిచింది. చూసింది. తలెత్తి మమ్మల్ని చూసింది. చెయ్యి గాల్లో ఆడిస్తూ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నవ్వుతో ఊగిపోతున్న జనాన్ని లెక్కపెట్టడం ఎవరి తరం? మూడుసార్లు మొదటికొచ్చింది. "కదలకండయ్యా!" అని అరిచింది. "కదలకండయ్యా!" అని పాత క్వారీ పనివాళ్లంతా ఒక్క గొంతుతో తిరిగి అరిచారు. అలవాటు. ఎగతాళి కాదు. కాని దాంతో ఆమె కూడా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. పుస్తకం వెనక ఆమె మొహం ఏమైందో వదిన చూసింది. నవ్వేననీ, ముక్కులోంచి కూడా వచ్చిందనీ తర్వాత చెప్పింది.

పుస్తకం దించి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఆఫీసరమ్మ అరిచింది: "సరే! పొద్దున బస్సు రద్దు చెయ్యను!"

"పొద్దున బస్సు రద్దు చెయ్యను!" అంది ఊరు. గొయ్యి అడుగున నీళ్లు కూడా అదిరినట్టనిపించింది.

మాట ఇంకా గాల్లో ఉండగానే పెద్దమ్మ ఒక్కతే అందుకుంది:

"సాయంత్రం బస్సు కూడా రద్దు చెయ్యను!"

ఆఫీసరమ్మ ఆ మాట అనలేదు. ఆమె అనలేదని అందరికీ తెలుసు. వదిన మొహం మీంచి చేతులు తీసేసింది.

ఆఫీసరమ్మ అటూ ఇటూ చూసింది. వదిన వైపు చూసింది. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"సాయంత్రం బస్సు కూడా రద్దు చెయ్యను!" అని, అక్షరం పొల్లుపోకుండా, తిరిగి చెప్పింది.

వదిన బస్సులోకి ఎగిరి హారన్ మీద చెయ్యి పెట్టింది, తియ్యలేదు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. గొంతు లేని పెదనాన్న పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు, కిర్రుమంది. పెద్దమ్మ వినిపించుకునే స్థితిలో లేదు. రుచి మరిగింది.

"మధ్యాహ్నం బస్సు కూడా..." అని కొత్త మాట మొదలుపెట్టింది.

చాలు ఆపమను, అన్నట్టు పక్కవాళ్లు నా మోచెయ్యి లాగారు. నేనెందుకు ఆపుతాను?