మొదటి అట్టు పిండిగాడిది

నేను ఒక అట్లకాడను. విజయనగరంలో ఒక కమ్మరి లారీ కమాను ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. పుట్టింది అట్లు తిరగెయ్యడానికే అయినా పేరొచ్చింది మాత్రం బెదిరింపుల వల్ల. నా మొదటి యజమానురాలు రోజుకు పదిసార్లయినా "అట్లకాడ కాల్చి వాత పెడతాను" అనేది. ఒక్కరికైనా పెట్టిన పాపాన పోలేదు. మనుషుల కోపం చాలావరకు ఇంతే, పొయ్యి దాకా రాకుండానే చల్లారుతుంది.

ఆమె తర్వాత కోడలు అప్పలనరసమ్మ చేతికి వచ్చాను. భర్త పోయాక నరసమ్మ రైలు గేటు పక్కన అట్ల బండి పెట్టింది. మొదటి అట్టు ఎవరికీ ఓ పట్టాన సరిగ్గా రాదు. పెనానికి అంటుకుని, మాడి, ముక్కలై ఊడుతుంది. ఆ ముక్కలు పిండిగాడివి. వాడొక వీధికుక్క. పిండి గిన్నెలో మూతి పెట్టి దొరికిపోయిన రోజు ఆ పేరు వచ్చింది. నరసమ్మ నాతో పెనం అంచు మీద మూడుసార్లు కొడితే చాలు, గేటు అవతల ఉన్నా ఉరికొచ్చేవాడు. వాడు వచ్చేది నా పిలుపు వినే అని నాకు లోలోపల గర్వం.

కరోనా రోజుల్లో నరసమ్మకు జ్వరం తగిలింది. అంబులెన్సు ఎక్కించి తీసుకుపోయారు. పిండిగాడు దాని వెనకే పరిగెత్తి, అలిసిపోయి తిరిగొచ్చాడు. పక్కన టీకొట్టు సన్యాసిరావు బండి సామానుతో పాటు కుక్క పూచీ కూడా తీసుకున్నాడు. కానీ వీధిలోవాళ్లు ఊరుకోలేదు. ఆమె చేతి తిండి తిన్న కుక్క రోగం అంటిస్తుందని కర్రలతో తరిమేశారు. నాలుగో రోజు నుంచి వాడి జాడ లేదు. సన్యాసిరావు నాతో పెనం మోగించాడు, అట్టు కూడా వేశాడు. అంటుకుంటుందని భయపడి నూనె దండిగా పోశాడేమో, అట్టు పువ్వులా ఊడొచ్చింది. కుక్క మాత్రం రాలేదు.

ఆసుపత్రి నుంచి రోజూ ఫోను.

"పిండిగాడు తింతన్నాడేట్రా?"

"ఆడికేటక్కా, నీకంటే బాగున్నాడు."

నిజం చెబితే ఆమెకు గంజి కూడా దిగదని అతని భయం. ఫోను పెట్టేశాక గేటు దాకా వెళ్లి అటూ ఇటూ చూసొచ్చేవాడు.

ఇరవై రెండో రోజు పొద్దున్నే నరసమ్మ బండి దగ్గర ఆటో దిగింది. మనిషి సగమైపోయింది. మూతికి మాస్కు, ఒంటినిండా ఆసుపత్రి మందుల కంపు. ఆమెకు ఆ కంపు తెలియదు, జ్వరం వాసనలన్నీ పట్టుకుపోయింది.

"ఆడేడిరా?"

సన్యాసిరావు తల దించుకున్నాడు. "ఎల్లిపోనాడక్కా. అబద్ధం ఆడినాను."

ఆమె తిట్టలేదు. బండి తుడిచి పొయ్యి వెలిగించింది. నాతో పెనం మీద మూడుసార్లు కొట్టింది. మళ్లీ మూడుసార్లు. ఎవరూ రాలేదు. నా గర్వం కాస్తా దిగిపోయింది. ఆమె అట్టు పోసి, దాన్ని మరిచిపోయి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. అట్టు మాడింది. నల్లటి పొగ గేటు దాటి పోయింది. ఆ సంగతి ఆమె ముక్కుకు తెలియలేదు.

ఇంకెవరి ముక్కుకో తెలిసింది. గేటు కింద నుంచి ఎముకల గూడు ఒకటి దూరి వచ్చింది. పది అడుగుల దూరంలో ఆగిపోయింది. మాడు వాసన తనకు తెలిసిందే, మనిషి వాసన కొత్తది. నరసమ్మ మాస్కు కిందికి లాగింది.

"పిండిగా, మాడిపోనాదిరా. వచ్చి తినీ."

వాడు ఒక్క గెంతులో ఆమె ఒళ్లో పడ్డాడు. నేను కింద మట్టిలో పడ్డాను. ఆమె నవ్వుతూ ఏడుస్తూ వాడి చెవులు నిమురుతుంటే, వాడు ఆమె మొహమంతా నాకేశాడు. సన్యాసిరావు టీ పొంగిపోయింది. ఇన్నేళ్లలో పిండిగాడు అట్టు వైపు కన్నెత్తి చూడనిది ఆ ఒక్క పూటే. మట్టిలో పడి ఉన్నా నాకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

ఆమెకు వాసన తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. అందాకా అట్టు మాడబోతే పిండిగాడే మొరిగి చెప్పేవాడు. నాకిప్పుడు అంచు అరిగింది, పిడి వదులైంది. అట్లు మాత్రం బాగానే వస్తున్నాయి. మొదటిది ఆమె కావాలనే మాడుస్తుంది.