ఏలియా తాగని గిన్నె

ఏలియా చీపురు పడితే ప్రార్థనాలయంలో సాలీళ్లకు నిలువ నీడ ఉండదు. పంతొమ్మిది వందల యాభై ఏడులో ఆ ఆదివారం కూడా తెల్లారకముందే మూలలు దులిపి, చాపలు పరిచి, కుండలో నీళ్లు నింపాడు. అరవై రెండేళ్ల మనిషి. ఎండిన మునక్కాయల్లాంటి చేతులు, మోకాళ్ల మీద గట్టిపడిన నల్లటి కాయలు, భుజం దగ్గర అతుకేసిన చొక్కా. పేటలో వాక్యం చెప్పే ఉపదేశి అతనే. అయినా ఉపదేశి కోసమని మిషన్ వాళ్లిచ్చిన కుర్చీని గోడకు చేర్చి, తాను వాకిట్లో చెప్పుల పక్కన కూర్చునేవాడు.

మొదటినుంచీ ఇంత అణకువేం కాదు లెండి. ఒకప్పుడు ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని గొంతెత్తితే పేట హడలేది. పదకొండేళ్ల కిందట ప్రభు సంస్కారంలో అందరూ ద్రాక్షరసం తాగే వెండిగిన్నె కనబడలేదు. ముందురోజు ప్రార్థనాలయం ఊడ్చింది పేటలోని రాజమ్మ. అందరి ముందూ ఆమెను దొంగ అన్నాడు. సంఘం వెలివేసింది. మొగుడు లేని మనిషి, మూట కట్టుకుని పులివెందుల వైపు కూలికి వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే గిన్నె ఏలియా సొంత ట్రంకుపెట్టెలో, దుప్పటి మడతలో దొరికింది. తానే భద్రంగా దాచి మరిచిపోయాడు!

ఎవరూ చూడలేదు. గుట్టుగా తెచ్చి పెట్టేస్తే సరిపోయేది. కానీ ఆదివారం గిన్నె పట్టుకుని నిలబడి, "దొంగను నేనప్పా. ఆయమ్మ పరువు తీసినా" అని భోరుమన్నాడు. పని మానుకుంటానన్నాడు. సంఘపెద్ద సంజీవయ్య ఒప్పుకోలేదు.

"తప్పు చేయనోడు యాడుంటాడు? చేసినానని చెప్పేటోడు దొరికినాడు. నిన్ను ఇడ్సిపెట్టం."

అప్పటినుంచి పేటలో తగాదాలన్నీ చెప్పుల దగ్గర కూర్చున్న ఈ మనిషి దగ్గరకే వచ్చేవి.

ఏటా కోతలయ్యాక రెండురోజులు నడిచి పులివెందుల పోయేవాడు. రాజమ్మ తలుపు తీసేది కాదు. ఆమెతో సమాధానపడేదాకా ఆ గిన్నెకు పెదవి తాకించనన్నాడు. నెలకోసారి జమ్మలమడుగు నుంచి ఫాదిరయ్య వచ్చి సంస్కారం ఇస్తే అందరూ తాగేవారు. ఏలియా మాత్రం గిన్నె కడిగి, పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు.

ఆ ఆదివారం రొట్టె విరిచే వేళకు, ఒళ్లంతా బస్సు దుమ్ముతో ఒక ముసలామె వాకిట్లో నిలబడింది. రాజమ్మ! పాట ఆగిపోయింది. ఏలియా లేవబోయి లేవలేక, చెప్పుల మధ్యే చేతులు జోడించాడు.

"మొన్న సంతలో సంజీవయ్య చెప్పినాడు, పదకొండేండ్లుగా గిన్నె తాగకుండా ఉండావంటనే?" అంది. "నీ మీద కోపం నాకు ఇంగా ఉండాది ఏలియన్నా. శానా ఉండాది. గానీ నా కోపానికి నువ్వు దేవుని దగ్గర పస్తుండేదేంది? లెయ్. తాగు."

ఫాదిరయ్య గిన్నె అందించాడు. ఏలియా అందుకుంటుంటే అడుగున రాజమ్మ చెయ్యి వేసింది. తాగాడు. హమ్మయ్య! గుండెల మీది బండ దిగినట్టు, పదకొండేళ్లలో ఎవరూ చూడని నవ్వు నవ్వాడు. సంఘమంతా ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం అడిగి మరీ రెండోసారి సంగటి పెట్టించుకున్నాడు. గోడకు చేరబడి, "బస్సుకు ఇంగా పొద్దుండాదిలే రాజమ్మా, కూచో" అని కళ్లు మూసుకున్నాడు. పొద్దు వాలాక గిన్నె కడగమని లేపబోయిన సంజీవయ్యకు చల్లటి చెయ్యి తగిలింది. ముఖాన ఆ నవ్వు అలాగే ఉంది.

ఏడుపులు సద్దుమణిగాక రాజమ్మే గిన్నె తీసుకుని చింతపండుతో తోమింది. పెట్టె తాళంచెవి ఏలియా మొలతాటికే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు. అరుగు మీద, అందరి చేతికీ అందేచోట, గిన్నె బోర్లించి ఉంది.